మాటపెట్టె ముందు పెనిమిటి పేరు

1

కొట్లకి కొత్త చట్టం నేర్పడానికి సర్కారు పంపిన వర్తకమిత్ర ఈ రోజు ఉదయం పడవ దిగింది. మగమనిషి వస్తాడనుకుని మా ఆయన గడ్డం కూడా గీసుకోలేదు. నేను తెర వెనక నుంచి చూశాను. పొడుగ్గా ఉంది, మోకాళ్ళ దాకా బూట్లు. పేరు హైమవతి అట. జేబులోంచి సర్కారు బిళ్ళ తీసి చూపించి, మా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

చివర గారు అంది. అన్నా సరే, పేరు పేరే. పెళ్ళయి మూడేళ్ళయినా ఆ పేరు నేను నా నోటితో అనలేదు. ఇక్కడ కూడా రాయను.

కొత్త చట్టం వచ్చాక కొట్లో ఏ రోజు ఏం జరిగిందో ఇంట్లో ఒకరు రాసి పెట్టాలట. మా ఆయన చేతులకి ఎప్పుడూ నూనే, తుప్పూ. "అయిదు దాకా చదివావుగా, నువ్వే రాయి" అన్నాడు. సర్కారుకి కావలసిన రెండు ముక్కలూ వేరే కాగితం మీద రాశాను. ఇది నా కోసం.

2

మాది తుపాకీ సామాన్ల కొట్టు. తుపాకులు మేం అమ్మం. అవి సర్కారు డిపోలోనే ఇస్తారు, ఇంటికొకటి. సముద్రం లోపలికొచ్చి కొల్లేరుతో కలిసిపోయాక మడ చెట్లు వచ్చాయి, మడ చెట్ల వెనకే మొసళ్ళు వచ్చాయి. చేపల దొడ్డి ఉన్న ప్రతి ఇంటికీ తుపాకీ తప్పదు. మా కొట్లో దొరికేవి దానికి తగిలించుకునేవి. భుజం పట్టీలు, తూటాల డబ్బాలు, దుర్భిణీలు, మూగగొట్టాలు.

మూగగొట్టం తుపాకీ మూతికి బిగిస్తే పేలిన చప్పుడు దగ్గినంత కూడా ఉండదు. చప్పుడైతే చేపలు బెదిరి మేత ముట్టవు, అందుకని అందరికీ అదే కావాలి. పోయిన ఏడు కింది లంకలో ఒక ఇల్లాలు ఇంట్లోనే తూటా తగిలి పోయింది. ఇక్కడ ఇళ్ళన్నీ నీళ్ళలో గుంజలు పాతి వేసిన బల్లల మీదే. ఆనుకుని ఉన్న బల్ల మీద వాళ్ళు అన్నం తింటూ కూడా ఏమీ వినలేదు. ఆ తర్వాతే ఈ చట్టం వచ్చింది.

చట్టం సంగతి హైమవతి గారు మా ఆయనకి విడమరిచి చెప్పింది. దుర్భిణీ అయినా, మూగగొట్టం అయినా కొనేవాడు ఒక్కడూ వస్తే అమ్మకూడదు. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి, పెళ్ళయినవాడైతే భార్యే, తెర వెనక విడిగా కూర్చుని మాటపెట్టె మీద చెయ్యి పెట్టాలి. ఫలానా వారు ఇది కొనడం నాకు ఇష్టమే అని పేరు పెట్టి చెప్పాలి. మాటా, చేతిలో నాడీ ఒకటే చెబితే ఆకుపచ్చ దీపం. తేడా వస్తే ఎర్రది. పెట్టె పక్కన ఒక మీట కూడా ఉంది. కొట్టు వాళ్ళకి అనుమానమొస్తే అది నొక్కి అమ్మకం ఆపేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

పున్నమి లోపు ఈ పద్ధతి కుదిరిందని ఆమె రాస్తే కొట్టుకి ముద్ర. లేదా తాళం.

తాళం పడితే ఉప్పు మడుల్లో కూలికి పోవడమే. మా ఆయనకి ఎడమ కన్ను సగమే కనిపిస్తుంది, ఒకసారి రేకు ముక్క ఎగిరి తగిలింది. ఉప్పు మీద ఎండ పడితే ఆ తెలుపుకి ఉన్న కన్ను కూడా పోతుందని వైద్యుడు చెప్పాడు.

ఇంత మాట్లాడుతున్నంతసేపూ ఆమె కొట్లో నీడపట్టున వేసిన చిన్న బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల మీద మధ్యాహ్నం పూట నేను కూర్చుంటాను. ఆయనే ఆమెకి ఇచ్చాడు.

3

ఎవరికీ ఆకుపచ్చ దీపం రాలేదు.

ముందు దానమ్మ పిన్ని వచ్చింది. వాళ్ళాయనకి దుర్భిణీ కావాలి. తెర వెనక పెట్టె మీద చెయ్యి పెట్టి కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా" అంది హైమవతి గారు.

"ఆయ్. మా పెద్దోడి నాన్నండి."

"పేరండీ."

"పేరెందుకండీ, ఈ లంకంతా తెలుసు కదా. ఆ వంకర పడవాయన."

"పెట్టెకి తెలియదు కదమ్మా."

పిన్ని నా వంక చూసింది. నేను నేల చూశాను. "ఆయన పేరు పిచ్చయ్యండి," అని గొణిగింది చివరికి. "అందుకే సెప్పను. నేను పిచ్చయ్యంటే ఊళ్ళో అందరూ నిజమే అంటారు."

పెట్టె ఎర్రగా మండింది. ఆమె తర్వాత వచ్చిన వాళ్ళదీ అదే వరస. ఒకావిడ పేరు చెప్పబోయి దగ్గు తెచ్చుకుంది. ఒకావిడ మొగుడి పేరు బదులు తన తమ్ముడి పేరు చెప్పి బయటికి పరిగెత్తింది. అందరికీ ఇష్టమే, పేరు దగ్గరకొచ్చేసరికి గొంతు తడబడుతుంది, నాడి పరిగెడుతుంది. పెట్టె దాన్ని భయం అనుకుంటుంది.

మా ఆయన ముఖం వాడిపోయింది. హైమవతి గారు ఆయన భుజం తట్టింది. పేరు పెట్టి పిలిచి, కంగారు పడకండి అంది. ఆయన ముఖం మళ్ళీ వెలిగింది. నేను చేసిన కొయ్యింగ చేపల పులుసు అలాగే ఉంది. ఆయన తినలేదు.

4

మాటపెట్టెకి ఎందుకు కోపమొస్తుందో ఆమెకి తెలుసట. వాళ్ళ నాయనమ్మ తాతని చచ్చేదాకా ఇదిగో అనే పిలిచిందట. అందుకని ఆడవాళ్ళందరికీ పేరు పలకడం నేర్పిస్తానంది. చేపలు బాగుచేసే వేళకి అందరినీ మా బల్ల మీద కూర్చోబెట్టింది.

"ముందు నాంచారమ్మ చెబుతుంది" అంది నన్ను చూసి. "కొట్టు ఇల్లాలే చెబితే మిగతా వాళ్ళకి ధైర్యం వస్తుంది."

పది మంది నావైపు చూశారు. కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

"దీనికెందుకంత భయం? ఇలా అనాలి." అని ఆమె మా ఆయన పేరు అంది. ఒకసారి కాదు. రెండోసారి రాగం తీసి అంది. మూడోసారి లోపల కూర్చున్న ఆయనే "ఆ, వస్తున్నా" అని పలికాడు. ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు.

"పిలిస్తే పలికాడే," అంది దానమ్మ పిన్ని. "నువ్వు ఇన్నేళ్ళు ఎందుకు పిలవలేదే నాంచారీ? నీ సొత్తు ఇంకొకళ్ళు వాడుకుంటున్నారు చూడు."

నవ్వుతూనే అంది పాపం. నేను లేచి లోపలికి వెళ్ళి పొయ్యిలో లేని మంటని ఊదాను.

ఇంకో కబురు కూడా ఈ రోజే తెలిసింది. ముద్ర పడితే మాది నమూనా కొట్టవుతుందట. మా ఆయన హైమవతి గారి వెంట పడవలో మిగతా లంకలన్నీ తిరిగి అక్కడి కొట్ల వాళ్ళకి పద్ధతి నేర్పాలట. వానలు మొదలయ్యేదాకా. ఆ మాట నాకు ఆయన చెప్పలేదు. పక్క బల్ల వాళ్ళతో చెబుతుంటే విన్నాను.

అంటే ముద్ర పడకపోతే ఆయన కన్ను పోతుంది. పడితే ఆయనే పోతాడు.

5

లంకంతా ఇప్పుడు మొగుళ్ళ పేర్లే. వల కుడుతూ, బియ్యం ఏరుతూ, ఒకరికొకరు వినిపించుకుంటున్నారు. మగవాళ్ళకి ఇది నచ్చలేదు. అప్పులవాడు పిలుస్తున్నట్టు ఉందని ఒకాయన పడవేసుకుని పోయాడు. దానమ్మ పిన్ని పిచ్చయ్య అన్న ప్రతిసారీ ముందు నవ్వుతుంది, తర్వాత సిగ్గుపడుతుంది, చివర్లో కాస్త తల ఎగరేస్తుంది. నిన్న ఆమెకి ఆకుపచ్చ వచ్చింది. ఇంకా చాలామందికి వచ్చింది.

నాకు ఈ మధ్య వేరే పని లేకుండా పోయింది. హైమవతి గారు మా ఆయన పేరు ఎలా అంటుందో వినడమే పని. ఉదయం ఎలా అంది, భోజనాల దగ్గర ఎలా అంది, సరుకు లెక్క అడిగేటప్పుడు ఎలా అంది. ఏ అక్షరం దగ్గర ఆగింది. ఆగదు. గుక్క తిప్పుకోకుండా అనేస్తుంది. ఎంత అలవాటైతే అలా వస్తుందా అని నాకు కడుపు మండుతుంది.

ఆమె చెడ్డది కాదు. నా పులుసు రెండుసార్లు వేసుకుంది. నాకు పేల దువ్వెన ఇచ్చింది. చెడ్డదైతే నాకు సులువుగా ఉండేది.

తాగే నీళ్ళ కోసం పొగమంచు పట్టే వల దులుపుతున్నప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ఆయన పేరు అందామనుకున్నాను. మొదటి అక్షరం దాకా వచ్చింది. చెవులు కాలిపోయాయి.

ఆయన సబ్బు కొనుక్కున్నాడు. నాకు పెళ్ళిలో కొన్న వాసన సబ్బు అదే.

6

అంకమ్మది నాకంటే చిన్న వయసు. ఘంటయ్య భార్య. లంక చివర దొడ్డి వాళ్ళది. మా మంచు వల దగ్గరికే నీళ్ళకి వస్తుంది. మాట తక్కువ. నేనూ అంతే కాబట్టి పక్కపక్కన నిలబడితే ఇద్దరికీ బాగుంటుంది.

పేరు పలకడం నేర్పేటప్పుడు అంకమ్మకి నేర్పాల్సిన పనే లేకపోయింది. మొదటి రోజే, అడగ్గానే, "ఘంటయ్య" అంది. నవ్వలేదు. తల వంచలేదు. హైమవతి గారు చప్పట్లు కొట్టి, "చూశారా, ఇలా ఉండాలి" అంది.

ఈ రోజు నీళ్ళు పడుతుంటే అంకమ్మ అడిగింది.

"వదినా, ఆ గొట్టం బిగిస్తే చప్పుడు బొత్తిగా రాదా?"

"రాదు. దగ్గినంతే."

"పక్క బల్లకి కూడా?"

"రాదన్నాగా."

కుండ నిండి పొర్లిపోతోంది. ఆమె చూడలేదు. నేనే తీసి పక్కన పెట్టాను. ఎందుకు అడిగావని నేను అడగలేదు. ఆ వేళకి కొట్లో మా ఆయన ఏదో చెబుతున్నాడు, హైమవతి గారు నవ్వుతోంది. నా చెవులు అటే ఉన్నాయి.

7

రేపు పున్నమి. ఈ రోజు ఆఖరి అమ్మకం ఘంటయ్య మూగగొట్టం. దాంతో సరిపోతుంది, సాయంత్రమే ముద్రకి రాసేస్తానని హైమవతి గారు ఉదయమే చెప్పింది. మా ఆయన తువ్వాలు, చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. మడత నేనే పెట్టాను.

కొట్టు ముందు మగవాళ్ళు గుమిగూడారు. తెర వెనక అంకమ్మ, నేను, హైమవతి గారు. అంకమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"ఘంటయ్య మూగగొట్టం కొనడం నాకు ఇష్టమే."

తడబాటు లేదు. ఆకుపచ్చ దీపం వెలిగింది. "శభాష్" అంది హైమవతి గారు, పెట్టె ఎత్తుకుని బయటికి వెళ్ళింది.

నాకు అప్పుడు వినిపించింది. అంటే, ఆ గొంతు నేను ముందే విన్నాను. ఇన్నాళ్ళూ కూర్చుని, నిలబడి, వంట చేస్తూ నేను విన్న గొంతే. హైమవతి గారు మా ఆయన పేరు అనే తీరు అదే. పడవ మీద నంబరు చదివినట్టు. దానమ్మ పిన్ని పేరు అంటే లోపల ఆ వంకర పడవాయన ఉంటాడు, నలభై ఏళ్ళ తగువులుంటాయి. అంకమ్మ పేరు అంటే అందులో ఎవరూ లేరు. పెట్టెకి ఉలుకు తెలుసు. అన్నీ వదిలేసుకున్న మనిషికి ఉలుకెక్కడిది?

అంకమ్మ వంక చూశాను. ఆమె నావంక చూడలేదు. తన చెయ్యి ఇంకా పెట్టె ఉన్న చోటే ఉంది.

బయట మా ఆయన గాజు పలక తెరిచి గొట్టం తీస్తున్నాడు. ఇచ్చేస్తే ముద్ర. నేను పరాయి మగవాళ్ళ ముందుకి ఎప్పుడూ రాలేదు. వాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. తెర ఎలా దాటానో తెలియదు. పెట్టె పక్క మీట నొక్కాను. మాటపెట్టె కూత పెట్టింది.

అందరూ ఆగిపోయారు.

"నాంచారీ, ఏం చేశావ్?" అన్నాడు మా ఆయన.

"ఇవ్వకండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి అన్నాను.

ఘంటయ్య నవ్వాడు. "ఏంటయ్యా ఇది, మీ ఆవిడకి ఇది ఆట బొమ్మా? దీపం ఆకుపచ్చే కదా వచ్చింది." తర్వాత అందరివైపు తిరిగాడు. "నాకర్థమైందిరా. ముద్ర పడితే మొగుడు మేడంతో పడవెక్కుతాడు. ఆ మంట తీసుకొచ్చి నా గొట్టం మీద పోస్తుంది."

గుంపంతా నవ్వింది. అందులో అబద్ధం లేదు. మీట నొక్కిన క్షణంలో నా మనసులో అంకమ్మ ఉంది, పడవ కూడా ఉంది. ఏది ముందుందని ఇప్పుడు నన్ను నిలబెట్టి అడిగినా చెప్పలేను.

"పద ఇంటికి" అన్నాడు ఘంటయ్య తెరవైపు చూసి.

అంకమ్మ రాలేదు.

"నిన్నే."

"నేను వదిన దగ్గరుంటా" అంది లోపలినుంచి. అంతే. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఘంటయ్య ఒక అడుగు వేశాడు. దానమ్మ పిన్ని చేప కోసే కత్తిపీట ఎత్తుకుని వచ్చి తెరకి అడ్డంగా వేసి, దాని ముందు కూర్చుని కొయ్యింగలు తోముకోవడం మొదలుపెట్టింది. "దారిలో కూర్చున్నాను బాబూ, కాలు తెగుతుంది. చూసుకో" అంది.

అతను వెనక్కి తిరిగి పడవెక్కాడు.

8

ఘంటయ్య వెళ్ళాక హైమవతి గారు నన్ను కారణం అడిగింది. చట్టంలో చెప్పక్కర్లేదని ఉంది కదా అన్నాను. అది నిజమేనని అడగడం మానేసింది. "పెట్టె ఆకుపచ్చ చూపించింది, అది రాయాలి. నువ్వు ఆపావు, అదీ రాస్తాను" అని తన పడవలోకి వెళ్ళి కూర్చుంది.

మా ఆయన మాత్రం మానలేదు.

"నిజం చెప్పు నాంచారీ. ఆమె మీద కోపంతోనా?"

"అది కూడా ఉంది."

"ఇంకా ఏముంది?"

"గొట్టం పెడితే పక్క బల్లకి వినపడదా అని అంకమ్మ నన్ను అడిగింది."

ఆయన చేతిలో పట్టీ కింద పెట్టాడు. "ఎప్పుడు?"

"నిన్న."

"ముందే నాతో చెప్పొచ్చుగా."

"మీరు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. అక్కడ అంకమ్మ నా చీర కట్టుకుని, చేతులు మోచేతుల పైదాకా కడుక్కుంటోంది. మోచేతుల పైన ఏముందో ఆయన చూశాడు. నేనూ చూశాను. మళ్ళీ బయటికొచ్చి, "కొట్టు పోతే పోనీలే" అన్నాడు.

"ఉప్పు మడుల్లోకి మీరు వెళ్ళకండి. నేను వెళ్తాను."

"నువ్వు నలుగురి ముందుకి రావు కదా."

"ఈ రోజు వచ్చాగా" అన్నాను.

9

ముద్ర పడింది.

ముద్రకి ఇంకో షరతు ఉందట. ఆమె రాసినా, కనీసం ఒక అమ్మకమైనా మీట నొక్కి ఆపిన కొట్టుకే పైవాళ్ళు వేస్తారట. ఆ సంగతి ముందే చెబితే ప్రతివాడూ ఊరికే ఒకసారి నొక్కేస్తాడని చెప్పరట. హైమవతి గారు కాగితం ఇచ్చి, "నేను తిరిగిన లంకల్లో ఎవరూ నొక్కలేదు నాంచారమ్మా" అంది. నాకు సంతోషం వేయలేదు. నేను మీట నొక్కితే ప్రయాణం ఆగుతుందని మనసులో ఎక్కడో ఒక మూల ఉండేది కదా. ఆ మీటే ఆయన్ని పడవెక్కించింది.

"ఇప్పుడు వెళ్ళకపోతే ముద్ర వెనక్కి తీసుకుంటారు" అన్నాడు ఆయన. నా ముందు నిలబడి చెప్పాడు, పక్క బల్ల వాళ్ళతో కాదు. "వానల ముందు వచ్చేస్తా. నీడ బల్ల మీద నువ్వే కూర్చో."

"ఎవరైనా వస్తే?"

"నువ్వే వినాలి. నీకు వినిపించింది నాకు వినిపించలేదు."

పడవ కదిలాక ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలిచి ఏదో చూపించింది. అదే తీరు. పడవ నంబరు చదివినట్టు. ఆయన ఆమెకి ఎవరూ కాడని ఆ గొంతే చెబుతోంది, నాకు బాగా తెలుసు. అయినా పడవ మడ చెట్ల వెనక్కి పోయేదాకా నా పళ్ళు బిగిసే ఉన్నాయి. తెలియడం వేరు, మండడం వేరు.

10

అంకమ్మ పట్టీలకి రంధ్రాలు వేయడం నేర్చుకుంది. నాకంటే నేరుగా వేస్తుంది. ఘంటయ్య రెండుసార్లు పడవ దగ్గరగా తెచ్చి తిట్టి పోయాడు. తుపాకీ తెచ్చి చూపించమని డిపో వాళ్ళు కబురు పెట్టారని విన్నాను, తెచ్చాడో లేదో తెలియదు. అంకమ్మ వాళ్ళ అన్న పై లంక నుంచి వస్తానన్నాడు. ఇంకా రాలేదు.

ఈ రోజు దానమ్మ పిన్ని వచ్చింది. పిచ్చయ్య బాబాయికి దుర్భిణీ తర్వాత ఇప్పుడు మూగగొట్టం మీద మనసు పడిందట. పెట్టె తెచ్చి మధ్యలో పెట్టాను. పిన్ని చెయ్యి పెట్టబోయి ఆగింది.

"మీ ఆయనేడే?"

"పడవ మీద వెళ్ళారుగా పిన్నీ."

"ఆ పొడుగు మేడంతోనా?"

"ఆమెతోనే."

పిన్ని నా చెయ్యి పట్టుకుని లాగి పెట్టె మీద పెట్టింది. "మరి నీ సమ్మతి ఎవరూ అడగలేదే? చెప్పు. నీకు ఇష్టమేనా?"

"లేదు" అన్నాను.

ఆకుపచ్చ దీపం వెంటనే వెలిగింది. ఇంత నిక్కచ్చిగా, ఇంత త్వరగా ఎవరికీ వెలగలేదు. దానమ్మ పిన్ని నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తల ఎత్తకుండానే అంకమ్మ కూడా నవ్వింది. అంకమ్మ నవ్వడం నేను చూడడం అదే మొదలు.

ఇప్పుడు పెట్టెలో పడ్డ నా మాట చెరిపి మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. తెర దించమని అంకమ్మకి చెప్పాను.

"ఊఁ, చెప్పు పిన్నీ" అన్నాను. "వింటున్నా."